నగరోపాంతముల జనసాంద్రతయు మెట్రో మార్గముల విస్తరణమును

(సంఘ వార్షిక మహాసభయందు గోదావరిఖనిలో చేసిన ఉపన్యాసము)



జీవితమంతయు బడిపిల్లలకు శబ్దములును సంధులును చెప్పిన ఉపాధ్యాయుడు రైలుమార్గములను గూర్చి ఉపన్యసింప బూనుట మీలో కొందరికి వింతగా తోపవచ్చును. కాని కార్యనిర్వాహకులు ఈ విషయమును నాకొసగుటకు తగిన కారణము కలదు. హైదరాబాదులో చదువుకొను మన బాలబాలికలకై ఒక వసతిగృహమును నిర్మింపవలెనని మన సంఘము సంకల్పించినది. స్థలమెచ్చట కొనవలెనన్న చర్చ వచ్చినప్పుడు, "మెట్రో రైలు వచ్చునట గాన శామీర్‌పేట దిక్కున కొందము" అని కొందరును, "మేడ్చల్ దిక్కున కొందము" అని మరికొందరును పలికిరి. పదవీ విరమణము పొందిన మన గని కార్మికులును, తమకు వచ్చిన గ్రాట్యుటీ సొమ్ముతో ఆ దిక్కుననే ప్లాట్లు కొనుటకు ఉత్సాహపడుచున్నారు. అందరి నోటను ఒకే హేతువు వినవచ్చుచున్నది: "శివారులలో ఇండ్లు దట్టమగుచున్నవి, కావున రైలు అచ్చటికి రాక తప్పదు." ఈ హేతువు నిలుచునా, నిలువదా అనునదే నేటి విచారణ.

ఇది మనకు సంబంధింపని పట్టణపు ముచ్చట యని తలపవలదు. 1990 ప్రాంతమున సింగరేణి సంస్థలో లక్షకు పైబడిన కార్మికులుండిరి. నేడు ఆ సంఖ్య నలుబది వేల ప్రాంతమునకు దిగినది. 2011 జనగణనలో రామగుండము నగర జనసంఖ్య సుమారు 2,29,000. అంతకు పది సంవత్సరముల ముందటి లెక్క కంటె అది పెరుగలేదు. అదే కాలమున హైదరాబాదు మహానగర పాలక సంస్థ పరిధిలో జనసంఖ్య 67 లక్షలు దాటినది. తండ్రి దిగిన గనిలో కొడుకునకు పని దొరకనందున, కొడుకు రాజీవ్ రహదారి వెంట బస్సెక్కి జూబిలీ బస్ స్టేషనులో దిగి, ఏదో ఒక శివారు కాలనీలో కాపురము పెట్టుచున్నాడు. ఆ శివారుల సాంద్రతలో మన యిండ్ల బిడ్డలును ఉన్నారు. ఆ మార్గములకు వ్యయపడు రాష్ట్ర ధనములో మన బొగ్గుమీది రాయల్టీయు ఉన్నది. కావున మాటలాడుటకు మనకు రెండు విధముల అధికారము కలదు.

మొదట వస్తుస్థితిని చెప్పెదను. నగరములో జనులను త్వరితముగా చేరవేయుటకై ప్రత్యేక మార్గమున నడచు రైలును పాశ్చాత్య దేశములలో భూగర్భమున వేసిరి. లండనులో ఇట్టి మొదటి మార్గము 1863 లోను, మన దేశమున కలకత్తాలో 1984 లోను తెరువబడినవి. హైదరాబాదు మెట్రో మాత్రము స్తంభములపై నడచునది. 2010 లో ఎల్ అండ్ టీ సంస్థతో ఒడంబడిక జరిగినది. 2017 నవంబరు 28 వ తేదీన మియాపూర్‌లో ప్రధానమంత్రి దానిని ప్రారంభించెను. మియాపూర్ - ఎల్.బి.నగర్, నాగోలు - రాయదుర్గము, జూబిలీ బస్ స్టేషను - మహాత్మాగాంధీ బస్ స్టేషను అను మూడు మార్గములు 2020 ఫిబ్రవరి నాటికి పూర్తియైనవి. మొత్తము పొడవు సుమారు 69 కిలోమీటర్లు. దినమునకు సుమారు నాలుగున్నర లక్షల ప్రయాణములు జరుగుచున్నవి.

రెండవ దశగా 76.4 కిలోమీటర్ల పొడవున అయిదు మార్గములను 24,269 కోట్ల రూపాయల అంచనాతో రాష్ట్ర ప్రభుత్వము 2024 లో ఆమోదించి కేంద్రమునకు పంపినది. అవి యేవనగా: నాగోలు నుండి శంషాబాదు విమానాశ్రయము వరకు 36.8 కిలోమీటర్లు, రాయదుర్గము నుండి కోకాపేట వరకు 11.6, మహాత్మాగాంధీ బస్ స్టేషను నుండి పాతబస్తీ మీదుగా చాంద్రాయణగుట్ట వరకు 7.5, మియాపూర్ నుండి పటాన్‌చెరు వరకు 13.4, ఎల్.బి.నగర్ నుండి హయత్‌నగర్ వరకు 7.1. వీనికి తోడు 2025 లో మరి మూడు మార్గములను 19,579 కోట్ల అంచనాతో ప్రతిపాదించిరి. విమానాశ్రయము నుండి ఫ్యూచర్ సిటీకి 39.6 కిలోమీటర్లు, జూబిలీ బస్ స్టేషను నుండి మేడ్చల్‌కు 24.5, అచ్చటి నుండియే శామీర్‌పేటకు 22. మన వారి చర్చలో వినబడిన పేర్లు ఈ తుది రెండును.

ఇక విచారణకు వత్తము. జనులు చేరినందున రైలు వచ్చునా, రైలు వచ్చినందున జనులు చేరుదురా అని అడిగినచో అది బీజాంకుర న్యాయమగును. విత్తు ముందో, మొలక ముందో చెప్పజాలము. దీనికి నిదర్శనము కొరకు దూరము పోనక్కరలేదు. ఇల్లెందు ప్రాంతమున 1871 లో డాక్టరు కింగు బొగ్గును కనుగొనెను. 1889 లో త్రవ్వకము మొదలయ్యెను. ఆ బొగ్గు కొరకే డోర్నకల్ నుండి రైలుమార్గమును తెచ్చిరి. అచ్చట పని ముందు, రైలు తరువాత. మన రామగుండము కథ దీనికి విపర్యయము. కాజీపేట - బల్లార్షా మార్గము 1929 నాటికే పూర్తియై మన యూరి మీదుగా రైళ్లు నడచుచుండెను. అయినను ముప్పది సంవత్సరముల వరకు ఇది చిన్న గ్రామముగానే యుండెను. 1960 ప్రాంతమున గనులు తెరచిన పిదప గోదావరిఖని పుట్టెను. 1978 లో శంకుస్థాపన జరిగిన ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రము 1983 లో విద్యుత్తు నిచ్చుటకు మొదలిడగా ఊరు మరింత పెరిగెను. రైలు ఒక్కటియే ఊరిని పెంచజాలలేదు. ఉపాధి వచ్చిన పిమ్మటనే రైలునకు సార్థకత కలిగెను. కావున "రైలు వేసినచో ఊరదే పెరుగును" అను పక్షము నిలువదు.

"ఊరు పెరిగినచో రైలు సార్థకమగును" అను రెండవ పక్షమును పరీక్షింతము. తర్కశాస్త్రము చదివినవారెల్ల ఎరిగిన ఉదాహరణ మొకటి కలదు. పొగ యున్నచోట నిప్పుండును, ఇది సత్యము. కాని నిప్పున్నచోటనెల్ల పొగ యుండునా? ఎర్రగా కాలిన ఇనుప గుండునందు నిప్పున్నది, పొగ లేదు. నిప్పునకు తడికట్టె కూడినప్పుడే పొగ పుట్టును. ఆ తడికట్టె సంబంధమునే తార్కికులు ఉపాధి యందురు. అట్లే రైలు నిండి నడచుచున్నచోట జనసాంద్రత యుండుట నిశ్చయము. జనసాంద్రత యున్నచోటనెల్ల రైలు నిండునని చెప్పుట మాత్రము దోషయుక్తము. నడుమ ఉపాధులు కలవు. అవి లేనిచో ఎంత సాంద్రత యున్నను రైలు ఖాళీగా నడచును.

దీనికి హైదరాబాదులోనే నిదర్శనము కలదు. జూబిలీ బస్ స్టేషను నుండి మహాత్మాగాంధీ బస్ స్టేషనుకు పోవు మార్గము ముషీరాబాదు, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజారు వంటి జనసమ్మర్ద ప్రదేశముల మీదుగా సాగును. మూడు మార్గములలో ప్రయాణికులు తక్కువగా నున్నది అదియే. అది పొట్టిది, ఫలక్‌నుమా వరకు పోవలసినది నడుమనే ఆగినది. చెన్నపట్టణమున 1995 లో మొదలై 2007 లో వేళచ్చేరి వరకు పొడిగింపబడిన ఎత్తైన రైలుమార్గమును దట్టమైన బస్తీల మీదుగానే వేసిరి. స్టేషనులకు చేరు దారులును, బస్సులతోడి పొత్తును సరిగా లేనందున అది చిరకాలము పలుచగానే నడచినది. కావున సాంద్రత ఒక్కటియే హేతువన్నచో అది వ్యభిచరించు హేతువు.

మరి ఆ ఉపాధులేవి? నాకు మూడు తోచుచున్నవి.

మొదటిది సామీప్యము. చదరపు కిలోమీటరునకు ఇందరు అని లెక్క చెప్పినంత మాత్రమున చాలదు. స్టేషనుకు పది నిమిషములలో నడచి రాగలవారెందరని అడుగవలెను. శివారులలో ఇరువది అంతస్తుల భవనములున్నను, చుట్టును ఎత్తైన ప్రహరీ, ఒకే ద్వారము, బయట కాలిబాట లేని రహదారి యున్నచో, ఆ భవన నివాసి కారు తీయును గాని స్టేషనుకు నడువడు. 2017 నాటి జాతీయ మెట్రో విధానము ప్రతి స్టేషను చుట్టును 5 కిలోమీటర్ల పరిధిలో చేరవేత సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుట ఇందులకే. ఇంకొక మాట. మన దేశమున 2011 తరువాతి జనగణన 2027 నకు నిర్ణయింపబడినది. ఆ లెక్క తేలువరకు శివారుల సాంద్రత ఇంత యని చెప్పువారు అనుమాన ప్రమాణమున చెప్పుచున్నారే గాని ప్రత్యక్ష ప్రమాణమున గాదు. వేసిన ప్లాట్లు వేరు, కట్టిన యిండ్లు వేరు, దీపము వెలుగు యిండ్లు వేరు.

రెండవది ఏకముఖత్వము. ఇది మన గని కార్మికులకు నాకంటె బాగుగా తెలిసిన విషయము. ఇన్‌క్లైన్ గనిలో పని జరుగు స్థలము గనిముఖము నుండి దూరమగుకొలది నడకకే చాల సమయము పోవును. కార్మికుడు పనికి ముందే అలసిపోవును. అందుచేత మ్యాన్ రైడింగు ఏర్పాటు చేసి కుర్చీలపై కూర్చుండబెట్టి దించుదురు. దానిని ఎక్కడ అమర్చవలెనని నిర్ణయించునప్పుడు కాలనీలో ఎన్ని క్వార్టర్లు కలవని ఎవరును అడుగరు. ఒక షిఫ్టులో, ఒక వేళకు, ఒక దారిలో ఎందరు దిగుదురు, ఎంత సమయము మిగులునని అడుగుదురు. మెట్రోకును అదియే న్యాయము. ఉదయము తొమ్మిది గంటలకు వేలకొలది జనులు ఒకే దిక్కునకు పోవలసియున్నచో రైలు సార్థకము. నాగోలు నుండి రాయదుర్గమునకు పోవు బండ్లు ఉదయ సాయంకాలములందు క్రిక్కిరియుటకు కారణము ఇదియే: ఒక కొనయందు నివాసములు, మరియొక కొనయందు ఐ.టి. కార్యాలయములు. జనులు పది దిక్కులకు పది వేళల చెదరిపోవు చోట బస్సే మేలు.

మూడవది ఫలభోక్త వ్యయమును భరించుట. దీనిని కొంత విస్తరించి చెప్పవలెను. ఏలయన, ఇచ్చటనే అసలు చిక్కు కలదు.

చిన్న బడిలెక్క చేయుదము. 76.4 కిలోమీటర్లకు 24,269 కోట్లనగా కిలోమీటరునకు సుమారు 318 కోట్లు. ధనమునకు సాలుకు నూటికి అయిదు వడ్డీ యని లెక్క కొరకు అనుకొందము. కిలోమీటరునకు సాలుకు సుమారు 16 కోట్లు, అనగా దినమునకు నాలుగు లక్షల ముప్పది వేలకు పైగా వడ్డీ యగును. నడుపుటకగు ఖర్చులు పోగా ఒక్కొక్క ప్రయాణికుని వలన కిలోమీటరునకు రెండు రూపాయలు మిగులుననుకొన్నను, వడ్డీ తీరుటకే ప్రతి కిలోమీటరు మీదుగా దినమునకు రెండు లక్షలకు పైగా జనులు పోవలెను. ఇప్పుడు నడచుచున్న మూడు మార్గములు అన్నియు కలిపియే నాలుగున్నర లక్షలు. కావున టికెట్టు డబ్బుతో మార్గపు వ్యయము తీరునని యెవరైన చెప్పినచో నమ్మకుడు. మొదటి దశ చరిత్రయు ఇట్లే యున్నది. 2025 మే నెలలో టికెట్టు ధరలు పెంచిరి. ఆ సెప్టెంబరులోనే, సుమారు 13,000 కోట్ల ఋణభారమును రాష్ట్ర ప్రభుత్వము స్వీకరించుటకును, ఎల్ అండ్ టీ సంస్థకు సుమారు 2,000 కోట్లు చెల్లించి మార్గమును తీసికొనుటకును అంగీకారము కుదిరినది.

అట్లయినచో మెట్రో వ్యర్థమా? కాదు. రహదారి మాత్రము టోలుతో తన వ్యయమును తీర్చుకొనుచున్నదా? ఆసుపత్రి తీర్చుకొనుచున్నదా? రైలు వలన మిగులు సమయము, తగ్గు పొగ, తప్పు ప్రమాదములు టికెట్టు మీద వ్రాయబడని లాభములు. రైలెక్కనివానికిని రహదారి కొంత ఖాళీయగును. కాని అన్నిటి కంటె అధిక లాభము పొందువాడొకడు కలడు. వాడు స్టేషను సమీపమున భూమి గలవాడు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలములో ఎకరము నూరు కోట్ల రూపాయలు దాటి పలికినది. మార్గము వచ్చునన్న వార్తతోనే భూమి ధర పెరుగును. ఆ పెరుగుదలకు ఆ భూస్వామి చేసిన శ్రమ లేదు. ఆ లాభము వానికి, ఋణము ప్రజలకు అనుట న్యాయము గాదు. హాంకాంగు నగరమున రైలు సంస్థయే స్టేషనుల మీదను, ప్రక్కను గృహములు కట్టి ఆ ఆదాయముతో మార్గములు వేసికొనుచున్నది. లండనులో మెట్రోపాలిటన్ రైల్వేవారు 1919 లో తమ మార్గము వెంట గృహనిర్మాణమునకై వేరొక సంస్థనే స్థాపించిరి.

మన ప్రాంతమునను ఉదాహరణ కలదు. భద్రాచలము రోడ్డు నుండి సత్తుపల్లి వరకు సుమారు 54 కిలోమీటర్ల రైలుమార్గము బొగ్గు రవాణా కొరకు వేయబడినది. దాని వ్యయములో అధికభాగము సింగరేణి సంస్థయే భరించినది. ఏలయన, లాభము పొందునది ఆ సంస్థయే. 2022 నవంబరు 12 వ తేదీన ప్రధానమంత్రి ఎరువుల కర్మాగారముతో పాటు ఆ మార్గమును మన రామగుండములోనే జాతికి అంకితము చేసెను. బొగ్గు కొరకు వేసిన రైలునకు బొగ్గు సంస్థ సొమ్ము చెల్లించినప్పుడు, ప్లాట్ల విలువ పెంచు రైలునకు ప్లాట్ల వ్యాపారులు ఏల చెల్లింపరాదు? అభివృద్ధి రుసుమో, విలువ పెరుగుదల మీది పన్నో, ఏదో ఒక రూపమున వసూలు చేసిన పిదపనే మార్గము పొడిగించుట న్యాయము.

ఇందులకు ఎదుటి పక్షమువారు బలమైన మాట యొకటి చెప్పుదురు. "జనులు నిండిన పిదప వేసిన మార్గము పదింతల కష్టము. భూమి ఖాళీగా నున్నప్పుడే వేయవలెను" అందురు. ఈ మాటను తోసివేయరాదు. పాతబస్తీ మార్గమే దీనికి సాక్ష్యము. 2010 ఒడంబడికలోనే ఉన్న ఆ భాగము ఆస్తుల సేకరణ, ప్రార్థనాలయములు, చారిత్రక కట్టడములు అను చిక్కులతో ఆగిపోయినది. ఇప్పుడు ఇరుకు వీథులలో వేయి వరకు ఆస్తులను సేకరింపవలసి వచ్చుచున్నది. ఆలస్యమునకు మూల్యము కలదు. కాని ఈ వాదము వలన సిద్ధించునది "భూమిని ఇప్పుడే ప్రత్యేకించి యుంచవలెను" అనునదే గాని "రైలును ఇప్పుడే నడుపవలెను" అనునది గాదు. రహదారి నడుమ స్తంభములకు చోటు విడిచి, స్టేషను స్థలములను గుర్తించి, అచ్చట కట్టడములను నిషేధించినచో చాలును. విత్తనమునకు చోటు సిద్ధము చేయుట వేరు. వానకు ముందే విత్తుట వేరు.

ఈ మూడు ఉపాధులతో ప్రతిపాదిత మార్గములను తూచి చూతము. పాతబస్తీ మార్గము మొదట వేయదగినది. సాంద్రత కలదు, నడచి వచ్చువారు కలరు, ఖండితమైన మార్గమునకు పూర్ణత్వము కలుగును. ఎల్.బి.నగర్ - హయత్‌నగర్, మియాపూర్ - పటాన్‌చెరు మార్గములు తరువాతివి. జాతీయ రహదారుల వెంట వరుసగా జనావాసములున్నవి, పటాన్‌చెరులో పరిశ్రమలున్నవి, ప్రయాణికుడు బండి మారకయే నగరము చేరగలడు. విమానాశ్రయ మార్గమున నాగోలు, ఎల్.బి.నగర్, చాంద్రాయణగుట్టల వరకు జనసాంద్రత కలదు. ఆ పైన పలుచన. కోకాపేట మార్గమునకు వ్యయమును అచ్చటి భూమియే ఈయగలదు, ఈయవలెను. శామీర్‌పేట, ఫ్యూచర్ సిటీల విషయమున మాత్రము భూమిని ప్రత్యేకించి, బస్సులను పెంచి, వేచియుండుట యుక్తమని నా యభిప్రాయము.

మేడ్చల్ సంగతి వేరుగా చెప్పవలెను. అచ్చటికి రైలుమార్గము ఇదివరకే కలదు. 2023 ఏప్రిల్ 8 వ తేదీన ఎం.ఎం.టి.ఎస్. బండ్లు మేడ్చల్ వరకు ప్రారంభమైనవి. కాని బండ్ల సంఖ్య స్వల్పము. సూచీకటాహ న్యాయమని యొకటి కలదు. కమ్మరి యొద్దకు ఒకడు సూది కొరకును, ఒకడు కాగు కొరకును వచ్చినచో, కమ్మరి ముందు సూదిని చేసి యిచ్చి పిదప కాగునకు పూనుకొనును. ఉన్న పట్టాలపై బండ్లు పెంచుట సూది. వేలకోట్లతో కొత్త స్తంభములెత్తుట కాగు. పది నిమిషములకొక బండి నడచిననాడు జనులు నిండుదురో లేదో తెలిసిపోవును. నిండినచో కొత్త మార్గమునకు అంతకంటె గట్టి ప్రమాణము వేరొకటి లేదు. బీదవారి దృష్టితో చూచినను ఇదియే మేలు. 2023 డిసెంబరు 9 వ తేదీ నుండి స్త్రీలకు ఆర్.టి.సి. సాధారణ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము కలదు. నాలుగిండ్లలో పని చేసికొను స్త్రీ ఉచితపు బస్సును విడిచి టికెట్టు కొని మెట్రో ఎక్కదు. శివారులలో అట్టివారి సంఖ్య స్వల్పము గాదు.

ఇక మన గృహకృత్యమునకు వత్తును. ప్రకటన వేరు, ఆమోదము వేరు, ధనము చేకూరుట వేరు, శంకుస్థాపన వేరు, రైలు నడచుట వేరు. ఈ అయిదింటి నడుమ ఎంత దూరమున్నదో మనమెరుగుదుము. పెద్దపల్లి - కరీంనగర్ - నిజామాబాదు మార్గమునకు 1993 లో పునాది పడినది. పూర్తియగు నాటికి 2017 వచ్చినది. శంకుస్థాపన జరిగిన మార్గమైనను స్థిరమని చెప్పరాదు. రాయదుర్గము నుండి విమానాశ్రయమునకు 31 కిలోమీటర్ల మార్గమునకు 6,250 కోట్ల అంచనాతో 2022 డిసెంబరు 9 వ తేదీన శంకుస్థాపన చేసిరి. ప్రభుత్వము మారగా 2023 డిసెంబరులో దానిని విరమించి, నాగోలు మీదుగా వేరొక దారిని ఎంచిరి. ఆ మొదటి రేఖను నమ్మి ప్లాట్లు కొన్నవారి గతి ఏమైయుండునో ఊహింపుడు. ముప్పదియైదేండ్లు నేల క్రింద శ్రమించి కూడబెట్టిన సొమ్ము ఒక పటము మీది రంగు గీతను నమ్మి పెట్టదగినది గాదు. దళారి చూపు పటమున స్టేషను ఎల్లప్పుడు తన వెంచరు ముందరనే యుండును!

కావున ఈ సభకు నా విన్నపములు మూడు. మొదటిది, వసతిగృహమునకు స్థలము ఇప్పటికే రైలు నడచుచున్న స్టేషనుకు నడచిపోదగిన దూరముననే చూడవలెను. ఉప్పల్, నాగోలు దిక్కున గాని, ఎల్.బి.నగర్ దిక్కున గాని చిన్న స్థలము దొరకినను చాలును. శామీర్‌పేటలో ఎకరము కంటె అది మేలు. ఆడపిల్ల రాత్రి ఎనిమిది గంటలకు గ్రంథాలయము నుండి నిర్భయముగా గది చేరుటయే మనకు కావలసినది. భూమి ధర రెట్టింపగుట గాదు. పోషకులు విరాళమిచ్చునది విద్య కొరకని మరువరాదు. రెండవది, పదవీ విరమణము పొందినవారు ప్లాటు కొనునప్పుడు "మెట్రో రాకపోయినను ఇచ్చట నివసింపగలనా? నీరు, బడి, ఆసుపత్రి, బస్సు కలవా?" అని తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను. అవును అను సమాధానము వచ్చినప్పుడే కొనవలెను. మూడవది, రాజధాని శివారులకు వేలకోట్లు వ్యయపడు ప్రభుత్వము, రామగుండము స్టేషనులో అర్ధరాత్రి దిగిన ప్రయాణికునికి గోదావరిఖని చేరుటకు నమ్మదగిన బస్సును కూడ ఏర్పాటు చేయవలెనని మనము మహజరు సమర్పింపవలెను. ఇది అసూయతో అడుగుట గాదు. ఇచ్చట పనియు, ప్రయాణమును సుఖముగా నున్నచో మన పిల్లలలో కొందరైనను ఇచ్చటనే నిలుతురు. అచ్చటి శివారుల భారము ఆ మేరకు తగ్గును.

సంగ్రహముగా నా సిద్ధాంతమిది. శివారుల జనసాంద్రత మెట్రో విస్తరణమునకు కారణములలో ఒకటి. అది యొక్కటియే కారణము గాదు. సామీప్యము, ఏకముఖత్వము, ఫలభోక్త వ్యయమును భరించుట అను మూడును కూడినచోట మార్గమును పొడిగింపవలెను. కూడనిచోట భూమిని కాపాడి, బస్సులను, ఉన్న రైళ్లను పెంచి, కాలమును కనిపెట్టవలెను. ఈ విషయమున భిన్నాభిప్రాయము గలవారు సభ ముగియకమునుపే తమ హేతువులను చెప్పుదురు గాక. వాదమున తేలిన తరువాత కొన్న స్థలము మీద కట్టిన గోడ గట్టిగా నిలుచును.